హీట్ పంప్ డ్రైయరా, కండెన్సర్ డ్రైయరా: ఇంటికి ఏది తీసుకోవాలి?

ఇంటికి బట్టలారబెట్టే డ్రైయర్ కొనబోయేవారు సాధారణంగా ధర చూసి, కిలోలు చూసి, కంపెనీ పేరు చూసి ఒక నిర్ణయానికి వస్తారు. వాటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ యంత్రంలో వేడి ఎలా పుడుతుంది, పుట్టిన వేడి చివరికి ఎక్కడికి పోతుంది అన్నదే అది. కండెన్సర్ రకమూ హీట్ పంప్ రకమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. గోడకు కన్నం పెట్టి గొట్టం బయటికి తీయవలసిన అవసరం రెండింటికీ లేదు. బట్టల్లోంచి తీసిన నీటిని రెండూ ఒక ట్యాంకులో పట్టి ఇస్తాయి. తేడా అంతా కరెంటు బిల్లులోనూ, ఆరడానికి పట్టే సమయంలోనూ, గది వేడెక్కడంలోనూ, పాడైనప్పుడు అయ్యే ఖర్చులోనూ బయటపడుతుంది. మాంచెస్టర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండే కుటుంబానికీ, కూకట్‌పల్లిలో తొమ్మిదో అంతస్తులో ఉండే కుటుంబానికీ ఈ తేడాలు ఒకే తీరుగా పట్టవు కనుక ఇద్దరికీ ఒకే సలహా చెప్పడం సరికాదు.

ఇక్కడ చెబుతున్నది సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో పక్కనుండే తొట్టి గురించి కాదు. దాన్ని మన ఇళ్లలో డ్రైయర్ అనే అంటారు గానీ అది బట్టలను గిరగిరా తిప్పి నీళ్లు పిండుతుందే తప్ప ఆరబెట్టదు. ఈ వ్యాసం వేడి గాలితో బట్టలను పూర్తిగా పొడిగా చేసే విడి యంత్రం గురించి.

లోపల జరిగే పని

కండెన్సర్ డ్రైయర్‌లో సుమారు 2000 నుంచి 2500 వాట్ల హీటర్ ఉంటుంది. అది వేడి చేసిన గాలి డ్రమ్ములో తిరుగుతున్న బట్టల మధ్యగా వెళ్లి తేమను పట్టుకుంటుంది. ఆ తేమ గాలిని ఒక అల్యూమినియం దిమ్మె గుండా పోనిస్తారు. ఆ దిమ్మెకు రెండో వైపు నుంచి గదిలోని చల్లగాలి వీస్తూ ఉంటుంది కనుక లోపలి ఆవిరి నీరుగా మారి కిందికి జారుతుంది, పంపు దాన్ని పై ట్యాంకులోకి ఎక్కిస్తుంది. తేమ పోయిన గాలి మళ్లీ హీటర్ దగ్గరికి వెళుతుంది. ఇంత వరకు బాగానే ఉంది. అయితే ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచిపెట్టిన వేడి అంతా గది గాలిలో కలిసిపోతుంది, హీటర్ ప్రతిసారీ కొత్తగా వేడి పుట్టించవలసి వస్తుంది.

హీట్ పంప్ డ్రైయర్ ఆ పోయే వేడినే పట్టి తిరిగి వాడుకుంటుంది. ఇందులో ఫ్రిజ్‌లోనూ ఏసీలోనూ ఉన్నట్టే కంప్రెసర్, రిఫ్రిజిరెంట్ వాయువు, చల్లటి కాయిల్ ఒకటి, వేడి కాయిల్ ఒకటి ఉంటాయి. తేమ గాలి ముందు చల్లటి కాయిల్ మీదుగా వెళ్లి నీటిని వదిలేస్తుంది. అక్కడ విడుదలైన వేడిని రిఫ్రిజిరెంట్ పీల్చుకుని, కంప్రెసర్ గుండా వేడి కాయిల్‌కు చేర్చి, ఆరిన గాలిని మళ్లీ వేడి చేస్తుంది. చాలా మోడళ్లలో హీటరే ఉండదు. నడిచేటప్పుడు తీసుకునే కరెంటు సాధారణంగా 600 నుంచి 900 వాట్ల మధ్య ఉంటుంది. డ్రమ్ములోని గాలి 50, 55 డిగ్రీలు దాటదు. కండెన్సర్ రకంలో అది 70 డిగ్రీల దాకా, కొన్నిటిలో అంతకు మించి కూడా వెళుతుంది.

ఈ రెండింటి మధ్య అంతరం ఎంతో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. ఎనిమిది కిలోల పొడి నూలు బట్టలు ఉతికి, వాషింగ్ మెషీన్‌లో నిమిషానికి 1000 చుట్ల వేగంతో పిండితే, వాటిలో ఇంకా దాదాపు 4.8 లీటర్ల నీరు మిగిలి ఉంటుంది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.65 యూనిట్ల శక్తి కావాలి కనుక, ఏ నష్టమూ లేకుండా కేవలం హీటరుతోనే పని జరిగినా మూడు యూనిట్ల పైచిలుకు ఖర్చు కావలసిందే. వాస్తవంలో మంచి కండెన్సర్ డ్రైయర్ ఆ లోడుకు దాదాపు 4.6 యూనిట్లు తీసుకుంటుంది. ఓ మోస్తరు హీట్ పంప్ డ్రైయర్ అదే పనిని సుమారు 1.9 యూనిట్లతో పూర్తి చేస్తుంది, మేలురకం మోడళ్లు ఒకటిన్నర యూనిట్ల దగ్గరే ఆగుతాయి. నీటిని ఆవిరి చేయడానికి కావలసిన శక్తికన్నా తక్కువ కరెంటుతో అది ఆవిరి చేయగలగడానికి కారణం ఒకసారి కొన్న వేడిని పదే పదే తిప్పి వాడడమే.

పిండడం దగ్గరే సగం పొదుపు

ఏ డ్రైయర్ కొన్నా సరే, మీ వాషింగ్ మెషీన్ ఎంత గట్టిగా పిండుతుందో ముందు చూసుకోవాలి. 800 చుట్ల వేగంతో పిండిన నూలు బట్టల్లో వాటి బరువులో దాదాపు 70 శాతం నీరు మిగులుతుంది, 1400 చుట్లతో పిండితే 50 శాతం దగ్గరికి వస్తుంది. ఎనిమిది కిలోల లోడులో ఈ తేడా లీటరున్నర పైనే. కండెన్సర్ డ్రైయర్ దాన్ని ఆవిరి చేయడానికి ఒకటిన్నర యూనిట్లు అదనంగా తీసుకుంటుంది, హీట్ పంప్ అయితే అర యూనిట్ పైచిలుకు. పిండే మోటారు దీనిలో చిన్న భాగం కూడా ఖర్చు చేయదు. తక్కువ వేగంతో తిరిగే పాత టాప్ లోడ్ మెషీన్ ఉన్న ఇంట్లో డ్రైయర్‌కన్నా ముందు వాషింగ్ మెషీన్‌ను మార్చడమే లాభసాటి అవుతుందని నా అభిప్రాయం, దుకాణదారులు మాత్రం ఆ సంగతి ఎత్తరు.

ధర తేడా ఎప్పటికి తిరిగి వస్తుంది

హీట్ పంప్ డ్రైయర్ ఎప్పుడూ ఖరీదెక్కువే. ఆ అదనపు ధర కరెంటు పొదుపు రూపంలో తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందన్నది పూర్తిగా వారానికి ఎన్ని లోడ్లు వేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. డ్రమ్మును నిండా నింపితే రెండు రకాల మధ్య తేడా లోడుకు 2.7 యూనిట్లు ఉండవచ్చు. సగమే నింపితే అది ఒకటిన్నర యూనిట్లకు తగ్గుతుంది. ఇంట్లో వేసే లోడ్లు ఎక్కువగా ఈ రెండింటి మధ్యే ఉంటాయి కనుక లోడుకు రెండు యూనిట్ల పొదుపు అనుకుని లెక్క వేసుకోవడం న్యాయంగా ఉంటుంది.

బ్రిటన్‌లో ఉండే నలుగురి కుటుంబం వారానికి నాలుగు లోడ్ల చొప్పున ఏడాదికి 200 లోడ్లు వేస్తుందనుకుందాం. యూనిట్ 25 పెన్స్ అనుకుంటే ఏడాదికి 400 యూనిట్లకు 100 పౌండ్లు మిగులుతాయి. రెండు యంత్రాల ధరల మధ్య తేడా 150 పౌండ్లయితే ఏడాదిన్నరలో అది తీరిపోతుంది, ఆ తర్వాత మిగిలేదంతా లాభమే. అక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా దండెం మీద వేసిన బట్ట ఆరదు, ఇంట్లో రేడియేటర్ల మీద ఆరేస్తే గోడల మూలల్లో నల్లటి బూజు పడుతుంది. అందువల్ల అలాంటి ఇంట్లో హీట్ పంప్ తీసుకోవడం గురించి పెద్దగా తర్జనభర్జన పడవలసిన పని లేదు.

హైదరాబాద్ లెక్క వేరు. బాల్కనీయో డాబానో ఉన్న ఇంట్లో ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే ఉచితంగా ఆరబెడుతుంది. డ్రైయర్ కావలసింది ముసురు పట్టిన వారాల్లోనూ, చంటిపిల్లల బట్టలు రోజూ గుట్టలుగా పడే కాలంలోనూ మాత్రమే. ఏడాదికి 40 లోడ్లు, లోడుకు రెండు యూనిట్లు, యూనిట్ 9 రూపాయలు అనుకుంటే మిగిలేది 720 రూపాయలు. ధరల తేడా 20,000 రూపాయలైతే అది ఎన్నటికీ తిరిగి రాదు. అదే ఇల్లు ఎండ తగలని వైపున్న ఫ్లాటై, లేదా సొసైటీ నియమాల వల్ల బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వని చోటై, ఏడాదికి 200 లోడ్లు పడేటట్టయితే పొదుపు 3,600 రూపాయలవుతుంది, అయిదారేళ్లలో తేడా తీరిపోతుంది. ఈ ధరలన్నీ లెక్క చూపడానికి అనుకున్నవే. మీ ఊరి ధరలను వీటి స్థానంలో పెట్టుకుని చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన రాష్ట్రాల్లో గృహ విద్యుత్ బిల్లు శ్లాబుల పద్ధతిలో వస్తుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. డ్రైయర్ కొత్తగా వచ్చి చేరే వస్తువు కనుక అది వాడే యూనిట్లన్నీ మీ బిల్లులో పై శ్లాబులోనే పడతాయి. అందువల్ల లెక్క వేసేటప్పుడు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చే సగటు ధరను కాక, ఆఖరి శ్లాబు ధరను తీసుకోవాలి. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకున్నవారి సంగతి కొంత వేరు. పగటిపూట 800 వాట్లు తీసుకునే యంత్రం ఆ ఉత్పత్తిలోనే ఇమిడిపోతుంది, 2500 వాట్లు తీసుకునేది మబ్బు పట్టగానే గ్రిడ్ మీద పడుతుంది.

యంత్రం నిలబడే చోటు

రెండు రకాల మధ్య ఎంపికను కరెంటు లెక్కకన్నా బలంగా తేల్చేది చాలా ఇళ్లలో గదే. కండెన్సర్ డ్రైయర్ తీసుకునే నాలుగున్నర యూనిట్లూ వేడిగా మారి గదిలోనే మిగులుతాయి. తలుపు వేసిన చిన్న గదిలో రెండు గంటల పాటు రూమ్ హీటర్ పెట్టినట్టే లెక్క. డబ్లిన్‌లో జనవరి నెలలో ఇది బాధ కాకపోవచ్చు గానీ, హైదరాబాద్‌లో వంటగదిని ఆనుకుని ఉండే యుటిలిటీలో ఇది సహించరాని ఉక్క అవుతుంది. ఆ వేడి ఏసీ నడుస్తున్న హాలులోకి వస్తే దాన్ని బయటికి తోయడానికి మళ్లీ కరెంటు ఖర్చవుతుంది. హీట్ పంప్ కూడా గదిని కొంత వేడి చేస్తుంది, అయితే అది తీసుకునే కరెంటే తక్కువ కనుక విడిచే వేడి కూడా సగానికి తక్కువే.

తేమ సంగతి కూడా చూడాలి. ఏ కండెన్సర్ రకమూ ఆవిరిని నూటికి నూరు పాళ్లు నీరుగా మార్చదు. యూరప్ పాత ఎనర్జీ లేబుల్ మీద దీనికి విడిగా ఒక గ్రేడు ఉండేది. 90 శాతం పైన నీరు పట్టేది ‘ఏ’ (A) గ్రేడు, 80 నుంచి 90 శాతం పట్టేది ‘బీ’ (B) గ్రేడు. 80 శాతం పట్టే యంత్రంలో 4.8 లీటర్ల లోడు ఆరబెడితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో గదిలోకి వస్తుంది. కిటికీ లేని అల్మరాలో గానీ, పడకగది మూలలో గానీ అలాంటి యంత్రం పెడితే కొన్ని నెలల్లో వెనక గోడ రంగు ఉబ్బి రాలడం ఖాయం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత పట్టణాల్లో గది గాలే తేమతో బరువుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గ్రేడుకు మరింత విలువ ఇవ్వాలి.

ఇక ఉష్ణోగ్రత. చాలా యంత్రాల మాన్యువల్‌లో గది 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. బ్రిటన్‌లో చాలామంది డ్రైయర్‌ను గరాజ్‌లో పెడతారు. చలికాలం అక్కడ నీరు గడ్డకట్టేంత చలి ఉంటే హీట్ పంప్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, మూడు గంటల పని అయిదు గంటలకు సాగినా ఆశ్చర్యం లేదు. వేడి చేయని గరాజ్‌లోనే పెట్టక తప్పదనుకుంటే అంత చలికి పనిచేస్తుందని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉన్న మోడల్‌నే తీసుకోవాలి. మనవైపు దీనికి తిరగేసిన సమస్య ఉంటుంది. మే నెల మధ్యాహ్నం యుటిలిటీలో 40 డిగ్రీలుంటే కండెన్సర్ రకానికి ఆవిరిని చల్లబరచడానికి చల్లగాలి ఎక్కడిది? హీట్ పంప్‌లోనూ కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. అయితే ఆ రోజుల్లో దండెం మీద జీన్స్ కూడా గంటన్నరలో ఆరిపోతుంది కనుక యంత్రానికి సెలవివ్వవచ్చు.

స్థలం చాలకపోతే ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ మీదే డ్రైయర్‌ను నిలబెట్టవచ్చు. దానికి స్టాకింగ్ కిట్ అని విడిగా అమ్ముతారు, అది లేకుండా ఊరికే పైన పెట్టడం ప్రమాదం. టాప్ లోడ్ మెషీన్ ఉన్నవారికి ఈ దారి లేదు. పక్కన సింకో, మోరీయో ఉంటే ట్యాంకులోకి వెళ్లే నీటిని గొట్టంతో నేరుగా అందులోకి వదలవచ్చు. ప్రతి లోడుకూ నాలుగు లీటర్ల ట్యాంకును మోసుకెళ్లి పారబోయడం చూడడానికి చిన్న పనే గానీ, వారం తిరిగేసరికి అదే అన్నిటికన్నా విసుగు పుట్టించే పని అవుతుంది. ఆ నీటిలో బట్టల నూగు, సబ్బు అవశేషాలు ఉంటాయి కనుక తాగడానికి పనికిరాదు, నేల తుడవడానికి నిక్షేపంగా పనికొస్తుంది.

కరెంటు కనెక్షన్ విషయంలో మన దేశంలో కండెన్సర్ రకానికి తప్పనిసరిగా 16 యాంపియర్ల పవర్ సాకెట్, దానికి తగిన మందం గల తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. హీట్ పంప్ తక్కువ కరెంటు తీసుకున్నా దానికీ గోడలోని సాకెట్టే వాడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏదీ నడపకూడదు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉండే చోట్ల కంప్రెసర్ ఉన్న యంత్రానికి స్టెబిలైజర్ పెట్టడం మంచిది.

బట్టల మాట

హీట్ పంప్ వేడి తక్కువ కనుక నూలు బట్టలు అంతగా కుంచించుకుపోవు, లోదుస్తుల ఎలాస్టిక్, పిల్లల టీషర్టుల మీది ప్రింట్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. దానికి మూల్యం సమయం. కండెన్సర్ రకం రెండు గంటల్లో ముగించే నిండు లోడు హీట్ పంప్‌లో రెండున్నర నుంచి మూడున్నర గంటలు తీసుకుంటుంది. ఉదయం స్కూలు యూనిఫారం ఆరలేదని గుర్తొచ్చి గంటలో కావాలనుకునే ఇంటికి ఈ తేడా నిజంగానే ఇబ్బంది కలిగిస్తుంది. రాత్రి వేసి పొద్దున తీసుకునే అలవాటున్న ఇంటికి అసలు తెలియనే తెలియదు. అయితే యంత్రం నడుస్తుండగా ఇంట్లో అందరూ నిద్రపోవడాన్ని బ్రిటన్‌లోని అగ్నిమాపక శాఖలు వద్దంటాయి, ఆ మాట పాటించదగినదే. పడుకునే ముందు పూర్తయ్యేలా సాయంత్రమే వేసుకోవాలి.

హీట్ పంప్ కొన్న కొత్తలో చాలామంది బట్టలు ఆరలేదని ఫిర్యాదు చేస్తారు. తలుపు తీసి తువ్వాలు పట్టుకుంటే వెచ్చగా కాక చల్లగా తగులుతుంది, చల్లదనాన్ని చేయి తడి అనుకుంటుంది. ఒకసారి దులిపి అయిదు నిమిషాలు ఆరనిచ్చి చూస్తే పొడిగానే ఉంటుంది. అప్పటికీ జీన్స్ నడుము పట్టీలో, జేబు కుట్లలో నిజంగానే చెమ్మ మిగిలితే సెట్టింగుల్లో పొడిదనం స్థాయిని ఒక మెట్టు పెంచాలి. దుప్పటి గలీబుల గుండీలు పెట్టి వేయాలి, లేకపోతే చిన్న బట్టలన్నీ అందులోకి దూరి ముద్దగా చుట్టుకుని లోపల తడిగానే ఉండిపోతాయి.

ఏ రకంలోనైనా వేయకూడనివి కొన్ని ఉన్నాయి. పట్టు, జరీ, గద్వాల, ఉప్పాడ చీరలు డ్రమ్ము దరిదాపులకు కూడా రాకూడదు. నేత చీర ఏదైనా అంత పొడవు గుడ్డ తిరుగుతూ తాడులా పేనుకుపోతుంది. గంజి పెట్టిన బట్టలు వేస్తే ఆ గంజి పొరలుగా డ్రమ్ముకూ ఫిల్టరుకూ పట్టేస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది నూనె. చంటిపిల్లలకు నూనె మర్దన చేసి తుడిచిన తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు ఉతికినా పూర్తిగా నూనె వదలవు. వంటనూనె అంటిన గుడ్డ వేడెక్కి కుప్పగా పడి ఉన్నప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిగి తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది, అంటుకోనూ వచ్చు. అందుకే ప్రోగ్రామ్ చివర వేడి లేకుండా తిప్పే చల్లబరిచే దశ పూర్తి కాకముందు యంత్రాన్ని ఆపకూడదని ప్రతి మాన్యువల్‌లోనూ రాస్తారు. ఆ తువ్వాళ్లకు ఎండే సరైన చోటు.

శుభ్రం, మరమ్మతు

డ్రైయర్ ఆయుష్షు నూగు మీద ఆధారపడి ఉంటుంది. కొత్త తువ్వాళ్ల లోడు తర్వాత లింట్ ఫిల్టర్ తెరిస్తే జల్లెడ నిండా బూడిదరంగు మెత్తటి పొర పరుచుకుని ఉంటుంది, వేలి కొనతో అంచు లేపి లాగితే పొర మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. ప్రతి లోడు తర్వాతా ఈ పని చేయవలసిందే. జల్లెడను నీళ్ల కింద పట్టినప్పుడు నీరు జారకుండా పైనే నిలిచిందంటే సాఫ్ట్‌నర్ జిడ్డు పట్టిందని అర్థం, దాన్ని మెత్తటి బ్రష్షుతో సబ్బునీటిలో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

కండెన్సర్ రకంలో ఆ అల్యూమినియం దిమ్మె కింది మూత వెనక ఉంటుంది. మీటలు తిప్పి బయటికి లాగి, కుళాయి కింద రెండు వైపుల నుంచీ కడిగి, నీళ్లోడ్చి తిరిగి పెట్టేయవచ్చు. వాడకాన్ని బట్టి నెలకో రెండు నెలలకో ఈ పని చేస్తే చాలు. హీట్ పంప్‌లో కాయిల్ బయటికి రాదు. కొన్ని మోడళ్లలో కింది మూత తీస్తే ఒక స్పాంజి ఫిల్టర్, దాని వెనక కాయిల్ రెక్కలు కనబడతాయి. ఆ రెక్కలు కాగితమంత పలుచన, చేయి తగిలితే ఒరిగిపోతాయి, వేలు కోస్తాయి కూడా. వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి మాత్రమే తీయాలి. మరికొన్ని మోడళ్లలో కాయిల్‌ను యంత్రమే తన నీటితో కడుక్కుంటుందని, మీరు ముట్టుకోనక్కర్లేదని చెబుతారు. అది వినడానికి సుఖంగానే ఉంటుంది గానీ, జల్లెడ దాటి వెళ్లిన నూగు ఏళ్ల తరబడి లోపల పేరుకుంటే విప్పకుండా తీసే దారి ఉండదు. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే చేతికి అందే కాయిల్ ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను.

బోరు నీళ్లు వాడే ఇళ్లకు మరొక జాగ్రత్త. డ్రమ్ము అంచు దగ్గర తలుపు లోపలి వైపున రెండు ఉక్కు పట్టీలు ఉంటాయి, బట్టలు వాటికి తగిలినప్పుడు తడిని అవే పసిగడతాయి. ఉప్పు నీటి వల్ల వాటి మీద సన్నటి తెల్లపొర కడితే యంత్రం లెక్క తప్పి, బట్టలు ఆరకముందే ఆగిపోవడమో, ఆరినా ఆగకపోవడమో జరుగుతుంది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో అప్పుడప్పుడు తుడిస్తే సరిపోతుంది, మెకానిక్ అవసరం రాదు.

మరమ్మతుల్లో కండెన్సర్ రకానిదే పైచేయి. అందులో పాడయ్యేవి హీటర్, థర్మోస్టాట్, బెల్టు, నీళ్ల పంపు. వాషింగ్ మెషీన్లు బాగుచేసే మంచి మెకానిక్ ఎవరైనా వాటిని మార్చగలరు. హీట్ పంప్‌లో రిఫ్రిజిరెంట్ లీకైనా, కంప్రెసర్ పోయినా బిల్లు యంత్రం ధరలో సగానికి చేరవచ్చు. ఇప్పటి మోడళ్లలో ఎక్కువగా ప్రొపేన్ వాయువైన ఆర్290 వాడుతున్నారు. పాత ఆర్134ఏతో పోలిస్తే ఇది భూతాపానికి చాలా తక్కువ కారణమవుతుంది గానీ మండే స్వభావం గలది, పరిమాణం కొద్దిదే అయినా శిక్షణ పొందినవారే దాన్ని ముట్టుకోవాలి. అందువల్ల ఖమ్మంలోనో ఒంగోలులోనో ఉండేవారు కొనే ముందే తమ పిన్‌కోడ్‌కు ఆ కంపెనీ సర్వీసు ఉందా, వచ్చేవారికి డ్రైయర్ల పని వచ్చా, కంప్రెసర్‌కు విడిగా ఎన్నేళ్ల వారంటీ ఇస్తారు అని అడిగి తెలుసుకోవాలి. సరైన జవాబు రాకపోతే కరెంటు లెక్క ఎంత అనుకూలంగా ఉన్నా కండెన్సర్ రకం వైపు మొగ్గడంలో తప్పు లేదు.

కొనేటప్పుడు

యూరప్‌లో ఉండేవారికి ఈ ఎంపిక దాదాపు ముగిసిపోయింది. స్విట్జర్లాండ్ 2012 నుంచే హీట్ పంప్ రకాలు తప్ప మిగతావి అమ్మనివ్వడం లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సామర్థ్య నియమాలను హీటరుతో నడిచే రకాలు అందుకోలేవు కనుక, జర్మనీలోనో ఐర్లండ్‌లోనో కొత్త యంత్రంగా దొరికేది హీట్ పంపే. మిగిలిన పాత సరుకు, సెకండ్ హ్యాండ్ మాత్రమే దీనికి మినహాయింపు. అదే రోజు నుంచి లేబుల్ కూడా మారింది. పాత లేబుల్ ఏ ట్రిపుల్ ప్లస్ నుంచి డీ వరకు ఉండి, ఏడాదికి 160 సార్లు వాడితే అయ్యే యూనిట్లను చూపేది. కొత్తది ఏ నుంచి జీ వరకు ఉండి 100 సార్లకు అయ్యే యూనిట్లను చూపుతుంది. పాత లేబుల్ మీది 235ను కొత్త లేబుల్ మీది 150తో నేరుగా పోల్చితే మోసపోతాం; 235ను 160తో భాగిస్తే సుమారు 1.47, 150ని 100తో భాగిస్తే 1.5, అంటే రెండూ ఇంచుమించు ఒకటే. భారతదేశంలో కొనేవారు పెట్టె మీది మాటలను పక్కనపెట్టి, మాన్యువల్ వెనక ఉండే పట్టికలో నూలు బట్టల ప్రోగ్రామ్‌కు ఎన్ని యూనిట్లు, ఎన్ని నిమిషాలు అని ఇచ్చిన అంకెలు చూడాలి.

ఉతికి ఆరబెట్టే పనులు రెండూ ఒకే యంత్రం చేసే వాషర్ డ్రైయర్ కూడా చాలామందిని ఆకర్షిస్తుంది. ఎనిమిది కిలోలు ఉతికేది సాధారణంగా అయిదు కిలోలే ఆరబెడుతుంది. పైగా వీటిలో చాలావరకు ఆవిరిని చల్లబరచడానికి కుళాయి నీటిని వాడి మోరీలోకి వదిలేస్తాయి. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే అపార్టుమెంట్‌లో ఇది ఆలోచించవలసిన విషయం. రెండు యంత్రాలకు చోటు లేనప్పుడే దాని వైపు చూడాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు తడి తువ్వాళ్లు రెండు వెంట తీసుకువెళ్లి అరగంట నడిపించి చూడాలి. హీట్ పంప్ అయితే ఆ అరగంటలో ట్యాంకులో కాసిన్నైనా నీళ్లు చేరాలి. చేరకపోతే రిఫ్రిజిరెంట్ పోయి ఉండవచ్చు, ఎంత చవకగా ఇచ్చినా వదిలేయడం మేలు. కండెన్సర్ అయితే మోడల్ నంబరును కంపెనీ రీకాల్ జాబితాతో సరిచూడాలి, ఎందుకంటే బ్రిటన్‌లో 2004, 2015ల మధ్య తయారైన కొన్ని పేరున్న బ్రాండ్ల డ్రైయర్లను నూగు అంటుకుని మంటలు రేగే లోపం వల్ల 2019లో వెనక్కి పిలిచారు, వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

హీట్ పంప్ యంత్రాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు నిలువుగానే తీసుకురావాలి. దారిలో పక్కకు పడుకోబెట్టారని తెలిస్తే కంప్రెసర్‌లోని నూనె తిరిగి కిందికి దిగేదాకా, అంటే మాన్యువల్ చెప్పినన్ని గంటలు, అది లేకపోతే ఒక రోజంతా, నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే స్విచ్ వేయాలి. కాళ్లను మరతో సరిచేసి యంత్రం ఎటూ ఊగకుండా చూసుకుని, వెనక గోడకు, ముందున్న జాలీకి గాలి ఆడేంత ఎడం ఉంచి, మొదటి లోడుగా పాత దుప్పట్లు వేసి, తయారీలో మిగిలిన వాసన వాటితోనే పోనివ్వాలి.